గోదావరి సీమలో గణిత పాఠక్రమం: పావులూరి నుంచి పీజీ ప్రవేశ పరీక్ష దాకా

గణితంలో ఏది ముందు చదవాలి, ఏది తరువాత చదవాలి అన్న విచారం గోదావరి సీమకు కొత్తది కాదు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో, జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అదే జనవ్యవహారంలో పావులూరి గణితమైంది. రాజమహేంద్రవరం నుంచి వేంగిని ఏలిన రాజరాజనరేంద్రుడు (1022–1061) పిఠాపురం దగ్గరి నవఖండవాడను దానమిచ్చినట్లు ఆ గ్రంథం వల్ల తెలుస్తున్నది గాని, దానం పొందినవాడు కవియా, అదే పేరుగల ఆయన తాతా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు.

మూలగ్రంథంలోని అధ్యాయాల వరుసే ఒక పాఠక్రమం. మొదట సంజ్ఞలు, అంటే కొలతల పేర్లూ పరిభాషా. ఆపైన పరికర్మలు, అంటే మూల ప్రక్రియలు. పిదప కళాసవర్ణమనే భిన్నాల లెక్కలు, ప్రకీర్ణకం, త్రైరాశికం, మిశ్రకం. ఇవన్నీ చేతికి వచ్చాకే క్షేత్రాల వైశాల్యాలు, గుంటల తవ్వకాలు, నీడను బట్టి ఎత్తు కట్టే ఛాయాగణితం. కూడికలు, తీసివేతలు విద్యార్థికి ముందే వచ్చునన్న భావనతో కాబోలు, పరికర్మలు గుణకారంతోనే మొదలై భాగహారం, వర్గం, వర్గమూలం, ఘనం, ఘనమూలం మీదుగా శ్రేఢుల మొత్తం కట్టే సంకలితానికి, దానికి విలోమమైన వ్యుత్కలితానికి చేరుతాయి.

ఈ వరుసలోని హేతువు మల్లన పేర ప్రసిద్ధమైన చదరంగపు లెక్కలో తేటపడుతుంది. మొదటి గడిలో ఒక గింజ ఉంచి, గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్లకు కలిసి 18446744073709551615 గింజలవుతాయి. ఈ ఇరవై అంకెల సంఖ్యను శరమంటే అయిదు, శశి అంటే ఒకటి అన్న భూతసంఖ్యా పద్ధతిలో, ఒకట్ల స్థానం నుంచి ఎడమకు సాగుతూ ఒకే పద్యంలో ఇమిడ్చారు. రెండును వర్గం చేసి, వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేస్తూ పోతే ఆరో వర్గానికి రెండు యొక్క 64వ ఘాతం వస్తుంది, అందులోంచి ఒకటి తీసివేస్తే చాలు. వర్గం రానివాడు ఈ సంకలితాన్ని 63 సార్లు రెట్టించి, ఆ 64 సంఖ్యలనూ కూడి సాధించవలసిందే; వర్గాన్ని సంకలితానికి ముందు చెప్పడంలోని ఔచిత్యం ఇక్కడే ఉంది.

ఈ గ్రంథం పండితుల పెట్టెల్లో ఉండిపోలేదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జరిపించిన విద్యా విచారణకు రాజమండ్రి కలెక్టరు పంపిన నివేదికలో 291 బడులు లెక్కకు రాగా, వాటిలో చదివించే పుస్తకాల పట్టికలో సుమతీ శతకం, దాశరథీ శతకాల సరసన పావులూరి గణితం పేరు కనిపిస్తుంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి, దాని పరీక్షలకు డెల్టా విద్యార్థులు కూర్చోసాగిన తరువాత, చదువు వరుసను నిర్ణయించే అధికారం గ్రంథకర్త నుంచి పాఠ్యప్రణాళికకు మారింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చినా ఆ ఏర్పాటు మారలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నాటి బీఎస్సీ ప్రణాళిక అవకలన సమీకరణాలను మొదటి సెమిస్టరులోనూ, ఘన రేఖాగణితాన్ని రెండోదానిలోనూ, అమూర్త బీజగణితాన్ని మూడోదానిలోనూ, వాస్తవ విశ్లేషణనూ రేఖీయ బీజగణితాన్నీ నాలుగోదానిలోనూ పెట్టింది. బోధన సౌకర్యానికి ఇది సరిపోవచ్చు గాని, ఐఐటీలలో ఎమ్మెస్సీ ప్రవేశానికి జరిగే జామ్ వంటి పరీక్షకు చదివేవారు అదే వరుసను మళ్లీ పట్టుకోవడం తగదు. అనుక్రమాలు, శ్రేణులు, అవధులు ముందు చదివితే ఏకచర, బహుచర కలనానికి పునాది ఏర్పడుతుంది. సదిశల రేఖీయ స్వాతంత్ర్యం ముందే తెలిసి ఉంటే రెండో పరిమాణపు రేఖీయ అవకలన సమీకరణానికి రెండు స్వతంత్ర సాధనలు ఎందుకు కావాలో బోధపడుతుంది. సమూహ సిద్ధాంతం కలనంపై ఆధారపడదు కనుక, దాన్ని మొదటి నుంచీ రోజూ కొంత చొప్పున సమాంతరంగా సాగించవచ్చు.

పరీక్షల పేర్లు, ప్రణాళికలు మారుతుంటాయి. ఒక అధ్యాయం దేనిమీద నిలుస్తుందో దాన్ని ముందుగా గట్టిపరచుకోవాలన్న సూత్రం మాత్రం మారలేదు. ప్రవేశ పరీక్షకు ప్రణాళిక వేసుకునే విద్యార్థి మార్కుల పట్టికకు ముందు ఈ ఆధారాల పట్టిక రాసుకోవడం మేలు.