అడుగున పేరుకున్న పసుపు

మొన్న దసరాకి ఆదోని వెళ్ళినప్పుడు అటక సర్దుతుంటే బొటనవేలంత డబ్బా ఒకటి దొరికింది. 2003లో ఆన్‌సైట్ నుంచి వస్తూ విమానం కిట్లతో పాటు తెచ్చుకున్న ఎనామెల్ రంగు. లేబుల్ ఎప్పుడో చెరిగిపోయింది. మూత తీస్తే పైన తేనెరంగు నూనె, అడుగున రాయిలా బిగిసిపోయిన పసుపు.

మా అమ్మాయి దేవరగట్టు కొండ, గుడి నమూనా చేస్తానని కూర్చుంది. దానికి పసుపు రంగు కావాలట. నిజమే కదా, విజయదశమి అర్ధరాత్రి మాళ మల్లేశ్వరుడి ఉత్సవ విగ్రహాల కోసం కర్రలు తలపడే చోటు అది. తల పగిలినా కాస్త పసుపు అద్దుకుని మళ్ళీ గుంపులోకి పోతారు. పసుపు లేని దేవరగట్టు ఏం దేవరగట్టు?

"డబ్బా బాగా ఊపు నాన్నా, కలిసిపోతుంది" అంది. రీస్టార్ట్ చేస్తే పోయే బగ్ అయితే బాగుండేది. కానీ దీని వెనక పెద్ద కథే ఉంది.

మన కొండపల్లి బొమ్మనే తీసుకోండి. తెల్లపొణికి కొయ్య, అతుకులకి చింతగింజల పిండితో చేసిన మక్కు, పైన సున్నం పూత, ఆ తర్వాత రంగు. పొడి రంగుని ఆ పూటకి కావలసినంతే కలుపుకునేవాడికి అడుగు పేరుకోవడం ఒక సమస్యే కాదు. పేరుకునేలోపే గిన్నె ఖాళీ! ఐరోపా చిత్రకారులు నూరిన రంగుని పంది మూత్రాశయపు తిత్తుల్లో దాచుకునేవారు. 1841లో జాన్ గాఫ్ రాండ్ తగరపు ట్యూబుకి పేటెంటు తీసుకున్నాడు. 1860ల్లో అమెరికాలో కలిపేసిన రంగుని డబ్బాల్లో అమ్మడం మొదలైంది. రంగు నెలల తరబడి అలమరలో కూర్చోవడం అప్పటినుంచే, మన తలనొప్పీ అప్పటినుంచే.

ఎందుకు పేరుకుంటుందో 1851లోనే స్టోక్స్ లెక్క కట్టి చెప్పాడు. రేణువు ఎంత బరువైతే అంత వేగంగా దిగుతుంది. దాని సైజు సగమైతే వేగం నాలుగో వంతు అవుతుంది. అంటే ఎంత మెత్తగా నూరితే అంత మేలు అన్నమాట. అయినా ఇరవయ్యేళ్ళు వదిలేస్తే ఏదైనా దిగాల్సిందే. ఊపితే గాలిబుడగలు వస్తాయి గానీ గడ్డ కదలదు. పైనున్న నూనెని వేరే గిన్నెలోకి వంచి, అడుగుని చదునైన పుల్లతో మెదిపి, నూనెని కొంచెం కొంచెంగా మళ్ళీ కలపాలి. ప్లాస్టిక్ మోడళ్ళు, వాటి చిన్న ఎనామెల్ డబ్బాలు 1950ల్లో ఇంగ్లండులో ఊపందుకున్నప్పటి నుంచీ ఈ హాబీ ఉన్నవాళ్ళు చేస్తున్నది ఇదే.

సరే అని పుల్ల పట్టుకున్నాను. అప్పుడు వెలిగింది. ఇది పసుపు!

క్రోమియం మూలకాన్ని 1797లో వోక్లాఁ కనుక్కున్నాడు. ఆ తర్వాత దాన్నుంచి వచ్చిన క్రోమ్ యెల్లో అంటే లెడ్ క్రోమేట్, అచ్చంగా సీసం. వాన్ గో పొద్దుతిరుగుడు పూలలో ఉన్నదీ అదే. దాని సాంద్రత నీటికి ఆరు రెట్లు. అంటే ఒకవేళ నా డబ్బాలో సీసమే ఉంటే, అదంతా చేరేది నేను మెదపబోతున్న ఆ అడుగులోనే. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. నా డబ్బా అంతకు చాలా ముందుది. ఉందో లేదో చెప్పడానికి లేబులే లేదాయె. పిల్లేమో రేపు ఆ కొండని ఉప్పుకాగితంతో రుద్దుతుంది, దుమ్ము లేస్తుంది. సీసం పిల్లల మెదడు మీద చేసే పని మీకు తెలిసిందే.

మూత పెట్టేశాను. కాలవలో పారబోయకుండా విడిగా కట్టి పెట్టాను. బజారుకెళ్ళి సీసం లేదని రాసున్న నీటి రంగు తెచ్చాం. అదీ అడుగున కాస్త పేరుకునే ఉంది. పుల్లిచ్చి ఎలా కలపాలో చూపించాను. పావుగంటలో కొండ పసుపెక్కింది.

మీ అటక మీద కూడా ఇలాంటి డబ్బాలు ఉండే ఉంటాయి. కలపడం తర్వాత సంగతి, ముందు అది ఏ ఏటిదో చూడండి.