గర్భస్రావం: చట్టం ఇచ్చింది హక్కా, అనుమతా?

2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును కొట్టివేసింది. మర్నాడు ప్లీడరుగా ఉన్న మిత్రుడొకరు నాతో కొంత సంతోషంగానే అన్నారు: "ఈ ఒక్క విషయంలో మనమే నయమండీ. వాళ్ళ కోర్టు 1973లో ఇచ్చింది, ఇప్పుడు లాక్కుంది. మన పార్లమెంటు 1971లోనే చట్టం చేసింది, అది చెక్కుచెదరలేదు." నేనప్పుడు కాదనలేకపోయాను. తర్వాత ఆ చట్టాన్నీ, దాని వెనక ఉన్న చరిత్రనూ తిరగేసి చూస్తే ఆయన మాట సగమే నిజమని తోచింది. మిగతా సగం చెప్పటానికే ఈ వ్యాసం.

కథ 1971లో మొదలు కాలేదు, 1860లో మొదలైంది. మెకాలే ముసాయిదా తయారుచేసిన శిక్షాస్మృతి ఆ సంవత్సరం చట్టమైంది. అందులో 312వ సెక్షను ప్రకారం గర్భస్రావం కలిగించినవారికి మూడేళ్ళ దాకా ఖైదు. కడుపులో బిడ్డ కదిలాక అయితే ఏడేళ్ళ దాకా. స్త్రీ ప్రాణం కాపాడేందుకు సద్బుద్ధితో చేసినదొక్కటే నేరం కాదు. చివర చిన్న వివరణ ఒకటి తగిలించారు: తన గర్భాన్ని తానే పోగొట్టుకున్న స్త్రీ కూడా ఈ సెక్షను కిందికి వస్తుంది. ఈ వాక్యాన్ని రాసినవారిలోగాని, ఆమోదించినవారిలోగాని ఒక్క స్త్రీ లేదని వేరే చెప్పనక్కరలేదు.

మన శాస్త్రాలు మట్టుకు తక్కువ తిన్నాయా? భ్రూణహత్య మహాపాతకమన్నాయి. పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చేసి, వాళ్ళు విధవలైతే మళ్ళీ పెళ్ళి వద్దన్నదీ ఆ శాస్త్రాలను చూపిన పెద్దలే. అటువంటి ఇళ్ళలో ఏం జరిగేదో మంత్రసానులకు తెలుసు, ఇంటి వెనక నూతులకు తెలుసు. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు కన్నబిడ్డను చంపిన నేరానికి ఉరిశిక్ష పడింది. అప్పీలులో అది తగ్గింది. ఆమెను కాదు, ఆమెను ఆ గతికి తెచ్చిన మగవారిని బోనెక్కించాలని తారాబాయి షిండే మరుసటి సంవత్సరమే మరాఠీలో పుస్తకం రాసింది. అదే 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఒకచోట కోర్టు శిక్ష వేసింది, మరొకచోట సంస్కర్త పెళ్ళి చేశాడు. పెళ్ళయిందా, విధవా, కన్యా అన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా స్త్రీ శరీరం స్త్రీది అనటానికి అప్పటికింకా ఎవరూ సిద్ధంగా లేరు.

1964లో కేంద్ర కుటుంబ నియంత్రణ బోర్డు సిఫార్సు మీద శాంతిలాల్ షా అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. 1966 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. బిల్లు వెనక గట్టిగా నిలిచిన ఆరోగ్యమంత్రి శ్రీపతి చంద్రశేఖర్ రాజమండ్రిలోనే పుట్టిన జనాభా శాస్త్రజ్ఞుడు. ఆయన ఉద్దేశాన్ని నేను శంకించను. కాని ఈ చట్టాన్ని అడిగినది ఎవరు? నాటు మందులవల్ల, పుల్లలవల్ల చచ్చిపోయే స్త్రీలను రోజూ చూస్తున్న డాక్టర్లు కొంత. పెరిగే జనాభాను చూసి బెంగపడ్డ ప్రణాళికావేత్తలు కొంత. స్త్రీలు వీధుల్లోకి వచ్చి సాధించుకున్నది కాదు. జనాభా లెక్క కోసం ఇచ్చే చెయ్యి, అదే లెక్క కోసం మరొకటి చెయ్యగలదని 1975-77 నాటి బలవంతపు ఆపరేషన్లలో చూశాం.

చట్టంలోని మూడో సెక్షను ఎలా మొదలవుతుందో చూడండి. శిక్షాస్మృతిలో ఏమున్నా సరే, ఈ షరతులకు లోబడి గర్భం తొలగించిన రిజిస్టరు డాక్టరు నేరస్థుడు కాడు అంటుంది. రక్షణ డాక్టరుకు! స్త్రీ కోరితే చాలునన్న మాట ఎక్కడా లేదు. పన్నెండు వారాలదాకా ఒక డాక్టరు, ఇరవైదాకా ఇద్దరు సద్బుద్ధితో అభిప్రాయపడాలి. గర్భనిరోధక సాధనం విఫలమైందన్న కారణం 1971 పాఠంలో పెళ్ళయిన స్త్రీకే వర్తించింది. 2021 సవరణదాకా అది మారలేదు. ఆ సవరణే ఒక డాక్టరు చాలునన్న గడువును ఇరవై వారాలకు, కొన్ని తరగతుల స్త్రీలకు పై గడువును ఇరవైనాలుగుకు పెంచింది. అంటే 1860 నాటి నేరం అలాగే ఉంది, దానిమీద కప్పిన గొడుగు కొంచెం పెద్దదైంది. (ఆడపిల్లల పిండాలను తీయించటం మాటేమిటని అడిగేవారున్నారు. దానికి 1994లో వేరే చట్టం వచ్చింది. ఆ దుర్మార్గం పేరుచెప్పి ప్రతి స్త్రీనీ అనుమానించటం ఇంకొక దుర్మార్గం.)

గొడుగు బయట నిలబడ్డవాళ్ళే కోర్టుల గుమ్మం ఎక్కారు. 2008లో కడుపులో బిడ్డకు గుండెజబ్బు ఉందని బొంబాయి హైకోర్టుకు వెళ్ళిన దంపతులకు అనుమతి దొరకలేదు. 2017లో అత్యాచారానికి గురైన పదేళ్ళ పిల్లకు, ముప్పైరెండు వారాలైనాయి గనుక ప్రమాదమన్న డాక్టర్ల మాట మీద, సుప్రీంకోర్టు నిరాకరించింది. పదేళ్ళ పిల్ల ప్రసవించింది! గర్భం విషయంలో నిర్ణయం 21వ అధికరణం కిందికి వచ్చే వ్యక్తి స్వేచ్ఛ అని సుప్రీంకోర్టు స్పష్టంగా అన్నది 2009లో. చిత్రమేమంటే అది గర్భం వద్దన్న స్త్రీ కేసు కాదు. ప్రభుత్వ ఆశ్రమంలో ఉండి గర్భవతి అయిన ఒక మతిమాంద్యం గల యువతి బిడ్డ కావాలన్నది, హైకోర్టు తీసెయ్యమన్నది, సుప్రీంకోర్టు ఆమె మాట నిలబెట్టింది. ఆ తీర్పు మంచిదే. కాని వద్దన్న స్త్రీ మాటకు అంత బలం వస్తుందా?

2022 సెప్టెంబరు 29న వచ్చిందనిపించింది. పెళ్ళికాని స్త్రీకీ ఇరవైనాలుగు వారాల గడువు వర్తిస్తుందని జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం చెప్పింది. సరిగ్గా ఏడాదికి, 2023 అక్టోబరులో, ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, ఇరవైయేడేళ్ళది, వచ్చింది. చంటిబిడ్డకు పాలిస్తున్నది గనుక గర్భం ఆలస్యంగా తెలిసింది. ప్రసవానంతర మానసిక వ్యాధితో మందులు వాడుతున్నది. 9వ తేదీన ఇద్దరు మహిళా న్యాయమూర్తులు అనుమతించారు. బిడ్డ గుండె ఆపాలా అని ఆస్పత్రి డాక్టరు ప్రభుత్వ న్యాయవాదికి రాశాడు. 11న ఆ ఇద్దరు జడ్జీలే చెరొక మాట చెప్పారు. 16న చంద్రచూడ్ అధ్యక్షతన ముగ్గురి ధర్మాసనం నిరాకరించింది: ఇరవైనాలుగు వారాలు దాటాయి, తల్లికి తక్షణ ప్రాణాపాయం లేదు, పిండానికి తీవ్ర లోపం లేదు. ఒకే స్త్రీ, ఒకే చట్టం, వారం రోజులు, మూడు జవాబులు. న్యాయమూర్తులు క్రూరులని నేననను. చట్టం గీసిన గీతలోపలే నడిచామన్నారు. ఆ వారంలోనూ ఆమె కడుపు పెరుగుతూనే ఉంది.

ఇక అమెరికా తీర్పుకు వస్తాను. 1973 తీర్పు రాసిన బ్లాక్‌మన్ కూడా నిర్ణయాన్ని స్త్రీకంటే డాక్టరు చేతిలోనే ఎక్కువగా పెట్టాడు. ఆయన పూర్వం మేయో ఆస్పత్రి న్యాయ సలహాదారు. 2022లో జస్టిస్ అలిటో, దేశ చరిత్రలో, సంప్రదాయంలో ఈ హక్కుకు వేళ్ళు లేవన్నాడు. సాక్ష్యంగా పిలిచినవారిలో పదిహేడో శతాబ్దపు ఆంగ్ల న్యాయమూర్తి మాథ్యూ హేల్ ఒకడు. ఈ హేల్ 1662లో ఇద్దరు స్త్రీలను మంత్రగత్తెలని ఉరికి పంపినవాడు. భర్త భార్యను బలాత్కరించటం నేరం కాజాలదన్నదీ ఆయనే. చరిత్రలో లేదంటే, ఎవరు రాసిన చరిత్ర? శిక్షలు రాసినవారి పుస్తకాల్లో వెతికితే శిక్షలే దొరుకుతాయి.

హేల్ మనకూ దూరపువాడు కాడు. పద్దెనిమిదేళ్ళు నిండిన భార్యపై భర్త బలాత్కారం నేరం కాదన్న మినహాయింపు మన శిక్షాస్మృతిలో ఉండిపోయింది. 2022 నాటి మన తీర్పు దాన్ని గర్భస్రావం మేరకు మాత్రమే పక్కకు నెట్టింది. భర్త చేసింది అత్యాచారమని గర్భం తీయించుకోవచ్చు, భర్త మీద మట్టుకు ఆ కేసు పెట్టరాదు!

2024 జూలై 1న కొత్త శిక్షాస్మృతి, భారతీయ న్యాయ సంహిత, అమలులోకి వచ్చింది. వలసపాలన చిహ్నాలను తుడిచేస్తున్నామని పాలకులు చెప్పారు. నేను మా ప్లీడరు మిత్రుడి దగ్గరికి వెళ్ళి 312 ఏమైందని అడిగాను. ఆయన పుస్తకం తీసి 88వ సెక్షను దగ్గర వేలు పెట్టాడు. మూడేళ్ళు, ఏడేళ్ళు, సద్బుద్ధి, అన్నీ ఉన్నాయి. కింద ఆ చిన్న వివరణ కూడా ఉంది.