ఛాయాచిత్రం - కాపీరైటు: నెగటివ్ యాజమాన్యం నుండి లైసెన్సు వరకు

వ్యాససంగ్రహం:

ఛాయాచిత్రానికి కర్త ఎవరు? ఆ హక్కు ఎంతకాలం నిలుస్తుంది? ఈ రెండు ప్రశ్నలకు చట్టం ఇచ్చిన సమాధానాలు గత నూట అరవై ఏళ్లలో పలుమార్లు మారాయి. అదే కాలంలో ఛాయాచిత్రం అమ్ముడయ్యే వస్తువు స్థాయి నుండి షరతులతో వాడుకకు ఇచ్చే హక్కు స్థాయికి చేరింది. ఈ రెండు పరిణామాలను చారిత్రకక్రమంలో పరిశీలించి, 2012 నాటి భారతీయ చట్టసవరణ పాత తెలుగు పత్రికల ఛాయాచిత్రాలను వాడుకునే పరిశోధకులకు తెచ్చిన చిక్కును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఛాయాచిత్రం, కాపీరైటు, నెగటివ్, లైసెన్సు, స్టాక్ ఫోటో, క్రియేటివ్ కామన్స్, సార్వజనిక పరిధి.

1. ప్రవేశిక:

అంతర్జాలంలో వెలువడే వ్యాసానికి ఒక బొమ్మను జోడించడం నేడు క్షణాల పని. అక్షరానికి కర్త ఉంటాడన్న ఎరుక తెలుగు రచనారంగంలో బలంగానే ఉంది. ఒకరి పద్యపాదాన్ని పేరు చెప్పకుండా వాడుకుంటే విమర్శకులు నిలదీస్తారు. అదే వ్యాసంలోని ఛాయాచిత్రాన్ని ఎవరు తీశారన్న ప్రశ్న మాత్రం అరుదుగా వస్తుంది. బొమ్మ యంత్రం చేసిన పని అన్న పాత భావన ఈ ఉదాసీనతకు ఒక కారణం. ఆ భావనతో న్యాయస్థానాలు పందొమ్మిదో శతాబ్దంలోనే తలపడ్డాయి.

2. యంత్రమా, కర్తా?

1839లో డాగెర్ ప్రక్రియ లోకానికి వెల్లడైన తరువాత దాదాపు పాతికేళ్ల వరకు ఛాయాచిత్రానికి చట్టంలో స్థిరమైన చోటు లేదు. సూర్యకాంతి, రసాయనాలు కలిసి బొమ్మను రూపొందిస్తుండగా అందులో మనిషి చేసిన సృష్టి ఏమిటన్నది నాటి ప్రధానమైన ఆక్షేపణ. 1862లో ఫ్రాన్సు న్యాయస్థానాలు మేయర్, పియర్సన్ స్టూడియో వేసిన వ్యాజ్యంలో ఛాయాచిత్రానికి కళాకృతిగా రక్షణ కల్పించాయి. ఛాయాగ్రహణాన్ని కళగా గుర్తించరాదంటూ ఆంగ్ర్ వంటి ప్రసిద్ధ చిత్రకారులు అప్పుడు నిరసనపత్రంపై సంతకాలు చేశారు. అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు లలితకళల కాపీరైటు చట్టం చేసి, వర్ణచిత్రాలు, రేఖాచిత్రాలతో పాటు ఛాయాచిత్రాలకు కూడా కర్త జీవితకాలం, ఆపై ఏడేళ్ల రక్షణ ఇచ్చింది. అమెరికా 1865లో ఛాయాచిత్రాలను తన కాపీరైటు చట్టంలో చేర్చింది.

సిద్ధాంతపరమైన తీర్పు 1884లో వచ్చింది. న్యూయార్కులో స్టూడియో నడిపిన నెపోలియన్ సరోనీ 1882లో రచయిత ఆస్కార్ వైల్డ్ చిత్రాలను తీశారు. వాటిలో ఒకదాని ప్రతులను బరో-గైల్స్ అనే లితోగ్రాఫ్ సంస్థ అనుమతి లేకుండా ముద్రించింది. ఆ ప్రతుల సంఖ్య 85,000. ఛాయాచిత్రం ఎదుట ఉన్నదానికి యాంత్రికమైన నకలు మాత్రమేననీ, కాబట్టి దానికి కర్త ఉండడనీ ఆ సంస్థ వాదించింది. అమెరికా సుప్రీంకోర్టు అంగీకరించలేదు. వైల్డ్‌ను కూర్చోబెట్టిన భంగిమ, దుస్తులు, తెరలు, వెలుగునీడల అమరిక, రాబట్టిన ముఖభావం - ఇవన్నీ సరోనీ మనసులో రూపుదిద్దుకొన్నవనీ, అందువల్ల ఆయనే కర్త అనీ తీర్పు చెప్పింది. కర్తృత్వం కెమెరాలో లేదు, ఎంపికలో ఉంది అన్న సూత్రం ఇక్కడ స్థిరపడింది.

3. భారతదేశంలో: నెగటివ్ నుండి వ్యక్తికి

1911 నాటి బ్రిటిష్ కాపీరైటు చట్టం 1914 చట్టం ద్వారా కొన్ని మార్పులతో భారతదేశంలో అమలైంది. ఇందులో ఛాయాచిత్రానికి విలక్షణమైన ఏర్పాటు ఉంది. నెగటివ్ తయారైన సమయంలో అది ఎవరి సొత్తో వారే కర్త. రక్షణకాలం నెగటివ్ తయారైననాటి నుండి 50 ఏళ్లు. ఈ నిర్వచనంలో మీట నొక్కిన మనిషికి ప్రాధాన్యం లేదు, గాజుపలకకు సొంతదారు ఎవరన్నదే ముఖ్యం.

ఈ ఏర్పాటు నాటి స్టూడియోల పద్ధతికి దగ్గరగా ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా 'రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్' బిరుదు పొందిన లాలా దీన్ దయాళ్ (1844-1905) సికింద్రాబాదులో పెద్ద స్టూడియో నడిపారు. అటువంటి స్టూడియోలో చిత్రం తీసేవారు, కడిగేవారు, మెరుగులు దిద్దేవారు వేరువేరుగా ఉంటారు. హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ఏర్పాటైన ఆయన ప్రత్యేక స్టూడియో నిర్వహణ ఒక ఆంగ్లమహిళ చేతిలో ఉండేది. అయినా అట్టమీద కనిపించే ముద్ర స్టూడియోదే. నేడు 'దీన్ దయాళ్ చిత్రం'గా వ్యవహరించేదాన్ని నిజంగా ఎవరు తీశారన్నది ఆ ముద్ర చెప్పదు.

1958 జనవరి 21న అమలులోకి వచ్చిన 1957 కాపీరైటు చట్టం దృష్టిని వస్తువు నుండి వ్యక్తికి మార్చింది. ఛాయాచిత్రాన్ని తీసిన వ్యక్తే కర్త. ఆ చిత్రానికి కళాత్మక గుణం ఉన్నా లేకపోయినా అది కళాకృతే. అయితే కర్త, యజమాని ఒకరే కానవసరం లేదు. సెక్షన్ 17 ప్రకారం ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి యజమానులు. పెళ్లిలో డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు కర్త ఫోటోగ్రాఫర్, యజమాని తీయించుకున్న కుటుంబం. అయినప్పటికీ సెక్షన్ 57 ప్రకారం కర్తగా గుర్తింపు కోరే నైతికహక్కు తీసినవారిదే.

సరోనీ తీర్పులోని ఎంపిక సూత్రానికి దగ్గరైన ఆలోచన మద్రాసు హైకోర్టులోనూ కనిపిస్తుంది. చిత్రకారుడు 'ఆర్య' (కె. భాష్యం) రెండు ఛాయాచిత్రాల ఆధారంగా గీసిన మహాత్మాగాంధీ చిత్రపటం గురించి 1961లో నివేదితమైన వ్యాజ్యంలో, ఛాయాచిత్రాలు ఆధారమైనప్పటికీ, చిత్రకారుని నైపుణ్యం, శ్రమ వల్ల ఆ పటం స్వతంత్ర కృతి అవుతుందని న్యాయస్థానం భావించింది.

4. కాలపరిమితి: 2012 సవరణ తెచ్చిన మలుపు

1957 చట్టం ఛాయాచిత్రాన్ని ఇతర కళాకృతుల నుండి వేరుచేసి, సెక్షన్ 25 కింద ప్రచురణ తరువాత 50 ఏళ్ల రక్షణ ఇచ్చింది. 1992 సవరణ దాన్ని 60 ఏళ్లు చేసింది. 1996 నాటి ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కాపీరైటు ఒడంబడిక ఛాయాచిత్రాలకు తక్కువ కాలపరిమితి పాటించరాదని నిర్దేశించింది. ఆ దిశలోనే 2012 సవరణ సెక్షన్ 25ను పూర్తిగా తొలగించింది. ఆ ఏడాది జూన్ 21 నుండి ఛాయాచిత్రానికి కూడా కర్త జీవితకాలం, ఆపై 60 ఏళ్లు వర్తిస్తున్నాయి.

ఈ మార్పును ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక ఛాయాచిత్రం 1960లో పత్రికలో అచ్చయిందనుకుందాం. పాత లెక్క ప్రకారం దాని రక్షణ 2020 చివరితో ముగిసేది. పత్రిక సంచిక మీది తేదీ చూస్తే చాలు, లెక్క తేలిపోయేది. కొత్త నియమం ప్రకారం దానిని తీసినవారు 1990లో మరణించి ఉంటే రక్షణ 2050 చివరి దాకా ఉంటుంది. అంటే కాలావధి పెరగడం ఒక్కటే కాదు, వేయవలసిన ప్రశ్నే మారింది. 'ఎప్పుడు అచ్చయింది?' అన్న ప్రశ్న స్థానంలోకి 'ఎవరు తీశారు, వారు ఎప్పుడు మరణించారు?' అన్న ప్రశ్న వచ్చింది.

పాత పత్రికల ఛాయాచిత్రాలతో పనిచేసేవారికి అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫోటో కింద అందులో ఉన్నవారి పేర్లు ఎడమ నుండి కుడికి శ్రద్ధగా అచ్చవుతాయి. తీసినవారి పేరు లేని సందర్భాలు మాత్రం ఎన్నో. చట్టం వ్యక్తిని అడుగుతోంది, పుటలో ఆ వ్యక్తి లేడు. కర్త మరణించినా, తెలియకపోయినా, ఆచూకీ లేకపోయినా సెక్షన్ 31ఎ కింద తప్పనిసరి లైసెన్సు కోరవచ్చు. కానీ అది దరఖాస్తు, పత్రికాప్రకటన, రుసుములతో కూడిన ప్రక్రియ. ఒక్క బొమ్మ కోసం ఒక పరిశోధక విద్యార్థి అంతదూరం వెళ్లడం కష్టం.

5. అమ్మకం నుండి లైసెన్సుకు

చట్టం కర్తను వెతుకుతున్న కాలంలోనే విపణి మరో మార్గం పట్టింది. ఒకసారి తీసిన చిత్రాన్ని పలువురికి పలుమార్లు వాడుకకు ఇవ్వడమే స్టాక్ ఫోటో వ్యాపారం. 1935లో జర్మనీ నుండి పెట్టెలనిండా చిత్రాలతో అమెరికా చేరిన ఒట్టో బెట్‌మాన్ మరుసటి ఏడాది న్యూయార్కులో స్థాపించిన భాండాగారం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1995లో దానిని బిల్ గేట్స్‌కు చెందిన కార్బిస్ సంస్థ కొన్నది. గెట్టీ సంస్థ మొదలైంది కూడా ఆ ఏడాదే.

సంప్రదాయ పద్ధతిలో ప్రతి వాడుకకూ వేరే ధర ఉండేది. ఏ పత్రిక, ఎంత పరిమాణం, ఎన్ని ప్రతులు, ఏ దేశం అన్నవి ముందే చెప్పాలి. 1991లో సియాటిల్‌లో మొదలైన ఫోటోడిస్క్ సీడీలలో చిత్రాలను అమ్ముతూ 'రాయల్టీ-ఫ్రీ' పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. ఈ మాటను 'ఉచితం' అని అర్థం చేసుకోవడం నేటికీ జరిగే పొరపాటు. ఒకసారి రుసుము చెల్లించాక ప్రతి వాడుకకూ మళ్లీ చెల్లించనక్కరలేదనే దాని భావం. హక్కు మాత్రం కర్త లేదా సంస్థ వద్దే ఉంటుంది. 2000లో కెనడాలో మొదలైన ఐస్టాక్‌ఫోటో ఔత్సాహికుల చిత్రాలను అతి తక్కువ ధరకు అందించింది. 2006లో గెట్టీ దానిని 5 కోట్ల డాలర్లకు కొన్నది.

6. ఉచితం, స్వేచ్ఛ, సార్వజనికం

2002 డిసెంబరులో వెలువడిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు విపణికి భిన్నమైన మార్గం చూపాయి. ఇక్కడ కర్త తన హక్కును వదులుకోడు, షరతులతో అందరికీ ముందే అనుమతి ఇస్తాడు. పేరు చెప్పడం, అదే లైసెన్సుతో పంచడం, వాణిజ్యానికి వాడకపోవడం, మార్పులు చేయకపోవడం అన్నవి ఆ షరతులు. షరతు తప్పితే అనుమతి రద్దవుతుంది. 2013 నాటి 4.0 రూపం తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే అనుమతి మళ్లీ అమలయ్యే వీలు కల్పించింది. అంటే ఇటువంటి చిత్రం కింద కర్తపేరు రాయడం మర్యాద కోసం మాత్రమే కాదు, ఆ చిత్రాన్ని వాడుకొనే అర్హతకు అదే ఆధారం.

హక్కును పూర్తిగా వదులుకుంటే ఏమవుతుందో అమెరికా ఛాయాగ్రాహకురాలు కరోల్ హైస్మిత్ ఉదంతం తెలుపుతుంది. ఆమె తన చిత్రాలను ప్రజల ఉచిత వినియోగం కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు సమర్పించారు. 2015 చివరలో ఆమె సొంత వెబ్‌సైటులో ఉన్న ఆమె చిత్రానికే 120 డాలర్లు చెల్లించాలని ఒక లేఖ అందింది. 2016లో ఆమె గెట్టీ తదితర సంస్థలపై వ్యాజ్యం వేశారు. న్యాయస్థానం ఆమె కాపీరైటు వాదనలను తోసిపుచ్చింది. సార్వజనిక పరిధిలోకి వెళ్లిన చిత్రాన్ని ఎవరైనా ఉచితంగా వాడవచ్చు, దానిని ఎవరైనా అమ్మకానికి పెట్టనూవచ్చు. పేరు నిలవాలనుకునే కర్తకు హక్కు వదులుకోవడం కంటే షరతుతో ఇవ్వడమే మేలని ఈ ఉదంతం బోధిస్తుంది.

లైసెన్సు షరతులు కాలంతో మారతాయన్నది మరో పాఠం. 2013లో మొదలైన అన్‌స్ప్లాష్ వేదిక తొలుత హక్కులను సంపూర్ణంగా వదిలే పద్ధతిలో చిత్రాలను అందించి, 2017లో తన సొంత లైసెన్సుకు మారింది. 2021లో అది గెట్టీ పరమైంది. కాబట్టి చిత్రం తీసుకున్న తేదీని, నాటి షరతులను భద్రపరచుకోవలసిన అవసరం ఉంది.

7. ముగింపు:

1. ఛాయాచిత్ర కర్తృత్వం 1911 చట్టంలో నెగటివ్ యాజమాన్యాన్ని, 1957 చట్టంలో చిత్రం తీసిన వ్యక్తిని ఆశ్రయించింది. 2012 సవరణతో రక్షణకాలం ఆ వ్యక్తి ఆయుష్షుతో ముడిపడింది.

2. 'రాయల్టీ-ఫ్రీ', 'క్రియేటివ్ కామన్స్', 'సార్వజనిక పరిధి' పర్యాయపదాలు కావు. మొదటిది ఒకసారి చెల్లింపు, రెండవది షరతులతో కూడిన అనుమతి, మూడవది హక్కు లేని స్థితి.

3. సెక్షన్ 52 పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. ఛాయాచిత్రాన్నే చర్చించే వ్యాసానికి, దానిని అలంకారంగా పెట్టుకునే వ్యాసానికి ఈ సందర్భంలో భేదం ఉంది.

4. పాత తెలుగు పత్రికలను డిజిటలీకరించేటప్పుడు వ్యాసకర్తల పేర్లతో పాటు ఛాయాగ్రాహకుల పేర్లు, స్టూడియో ముద్రలు, లభించినంతవరకు జనన మరణ సంవత్సరాలు సూచికల్లో చేర్చడం అవసరం.

చిత్రంలో ఉన్నవారిని గుర్తించడంలో సాహిత్యచరిత్ర ఇప్పటికే శ్రద్ధ చూపుతోంది. కెమెరా వెనుక నిలిచినవారిని గుర్తించడం ఇప్పుడు చట్టరీత్యా కూడా అవసరమైంది. వారి పేర్లు తెలిసినవారు, స్టూడియోల పాత పుస్తకాలు దాచినవారు ఉండగానే ఆ పని మొదలుకావాలి. ఆలస్యమైతే ఆ చిత్రాలు ఎవరివో తెలియనివిగా, ధైర్యంగా ఎవరూ ప్రచురించలేనివిగా మిగిలిపోతాయి.