రిజిస్టరు దాటి లేబర్ రూమ్ దాకా

మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సుల, మిడ్‌వైఫ్‌ల చట్టం 1926లో వచ్చింది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోవే కాబట్టి మన నర్సుల కౌన్సిలు కథ కూడా అక్కడి నుంచే మొదలు. ఆ తర్వాత రాష్ట్రం ఎన్నిసార్లు రూపు మార్చుకున్నా, ఆంధ్రప్రదేశ్ నర్సుల చట్టం పేరు పక్కన 1926 అన్న అంకె అలాగే ఉండిపోయింది. శతాబ్ది సంచిక అనగానే దీపాలు పట్టుకున్న ఫొటోలు, సేవాభావం మీద పొగడ్తలు ఎలాగూ ఉంటాయి. వాటికి లోటు రాదు గనక వేరే సంగతి మాట్లాడుకుందాం. ఈ నూరేళ్ళలో వృత్తిలోకి ఎవరు రావచ్చో తేల్చడంలో మన వ్యవస్థ ఆరితేరింది. వచ్చినామె రోజూ ఎలా పనిచేస్తోంది, ఆ పనిని ప్రమాదం లేకుండా చేసే అధికారం, వీలు ఆమెకు ఉన్నాయా అని చూడడంలో మాత్రం బాగా వెనకబడింది.

మొదటి పని తక్కువదేమీ కాదు. దేశ ఆరోగ్య సేవలపై 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ లెక్కలో దేశం మొత్తానికి నర్సులు సుమారు 7,000 మంది, మిడ్‌వైఫ్‌లు 5,000 మంది. అంటే 43,000 మంది జనానికి ఒక్క నర్సు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రకం శిక్షణ. 1947 చివర్లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం చేసి, 1949లో కౌన్సిల్ ఏర్పాటు చేశాక సిలబస్‌కు, పాఠశాలల తనిఖీకి ఒక పద్ధతి వచ్చింది. చిక్కంతా బాధ్యతల పంపకంలో ఉంది. చదువు కేంద్ర కౌన్సిల్ చూస్తుంది. పేరు ఎక్కించడం, కొట్టేయడం రాష్ట్ర కౌన్సిళ్ళ పని. నైట్ డ్యూటీలో ఒక సిస్టర్‌కు ఎంతమంది రోగులను అప్పగించాలో తేల్చేది ఆస్పత్రి యాజమాన్యం. ఆ రాత్రి పొరపాటు జరిగితే సంజాయిషీ ఇచ్చేది మాత్రం సిస్టరే.

ప్రమాణం అంటే గోడకు తగిలించే బోర్డు కాదని లేబర్ రూమ్‌లో తెలుస్తుంది. ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌నే తీసుకోండి. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లి తొడకు 10 యూనిట్లు ఇస్తే గర్భసంచి గట్టిపడి రక్తస్రావం తగ్గుతుంది. అదే మందు కాన్పు త్వరగా అవ్వాలని ముందే, అడ్డూ అదుపూ లేకుండా ఎక్కిస్తే గర్భసంచి చిట్లవచ్చు, బిడ్డకు ఊపిరాడకపోవచ్చు. అందుకే కాన్పయ్యాక ఈ ఇంజెక్షన్ ఇచ్చే అధికారాన్ని కేంద్ర మార్గదర్శకాలు ఏఎన్ఎంకు (సహాయక నర్సు-మిడ్‌వైఫ్‌కు) కూడా ఇచ్చాయి, కాన్పుకు ముందు నొప్పులు పెంచడానికి వాడొద్దన్నాయి. అధికారం, హద్దు రెండూ ఒకేచోట రాసిపెట్టిన మంచి నియమం ఇది. కాన్పు ఎలా సాగుతోందో గీసి చూపే పార్టోగ్రాఫ్ సంగతీ అంతే. గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు, 4 గంటలకోసారి బీపీ రాస్తూ పోతే, ముఖద్వారం తెరుచుకునే తీరు చూపే గీత హెచ్చరిక రేఖ దాటగానే పెద్దాస్పత్రికి పంపాలని తెలిసిపోతుంది. కాన్పు అయ్యాక తీరిగ్గా కూర్చుని చుక్కలు పెడితే అది తనిఖీకి పనికొచ్చే కాగితం, తల్లికి పనికొచ్చేది కాదు.

అలాగైతే చెక్‌లిస్టులు ఇచ్చి గట్టిగా అమలు చేయిస్తే సరిపోదా అని అడగొచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని 120 ఆస్పత్రుల్లో అది చేసి చూశారు. వాటిలో సగం చోట్ల సురక్షిత ప్రసవ చెక్‌లిస్టు చేతికిచ్చి, పక్కన శిక్షకులను కూడా పెట్టారు. రెండు నెలలకు సరైన పద్ధతులు పాటించడం 73 శాతం దాకా పోయింది. మామూలుగా నడిచిన ఆస్పత్రుల్లో అది 42 శాతమే. శిక్షకులు వెళ్ళిపోయాక ఆ 73 కాస్తా 62కు దిగింది. 2017లో వెలువడిన తుది ఫలితాల్లో తల్లీబిడ్డల మరణాల్లో, తీవ్రమైన చిక్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చెక్‌లిస్టు దండగని దీనర్థం కాదు. చేయాల్సింది తెలిసినంత మాత్రాన రక్తం, మందులు, అంబులెన్సు, సరిపడా సిబ్బంది వాటంతటవే రావు. తక్కువ మందిని పెట్టి ఎక్కువ రాతపని నెత్తిన వేసి, దాన్నే ప్రమాణం అనుకోవడం యాజమాన్యాలు తమను తాము మోసం చేసుకోవడమే.

ఇంకో అభ్యంతరం గట్టిది. మన దగ్గర కాన్పులు దాదాపు అన్నీ ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి, 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు తెలంగాణలో 43కు, ఆంధ్రప్రదేశ్‌లో 45కు దిగాయి. ఇప్పుడు మిడ్‌వైఫ్‌కు కొత్త అధికారాలెందుకు, డాక్టర్లు చూసుకుంటారు కదా అంటారు. చూసుకుంటున్నారు, నిజమే. ఎలాగంటే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, ప్రైవేటులోనైతే 80 శాతం పైనే. కేరళలో సిజేరియన్లు 38.9 శాతమే, మాతృ మరణాలు మాత్రం 19. కోతలు పెరిగితే ప్రాణాలు నిలుస్తాయన్న వాదన ఈ అంకెల ముందు నిలవదు. గంటల తరబడి పక్కన కూర్చుని మామూలు కాన్పు చేయించే మనిషి లేకపోవడం మన లోటు. దానికి పాత కారణం ఒకటుంది. ఇంగ్లండులో 1902లో మిడ్‌వైఫ్‌లకు, 1919లో నర్సులకు విడివిడిగా చట్టాలు చేస్తే, మన దగ్గర ఇద్దరినీ ఒకే చట్టంలో పెట్టారు. రానురాను మిడ్‌వైఫరీ నర్సు చదువుకు తోకగా మిగిలింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రసూతి ఆస్పత్రులు నడిపే ఫెర్నాండెజ్ సంస్థతో కలిసి ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టడం, మరుసటి ఏడాది కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు ఇవ్వడం ఆ తప్పును ఆలస్యంగానైనా దిద్దుకోవడమే.

2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. 1947 చట్టం స్థానంలో రావలసిన ఈ చట్టంలో మిడ్‌వైఫరీకి పేరులోనే చోటు దక్కింది. వృత్తి నీతికి, రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేకంగా ఒక బోర్డుంది. ఈ చట్టం కింద పనిచేసే రాష్ట్ర కమిషన్లను కోరేది ఇదే: కాలేజీల్లో గదులు, బెంచీలు లెక్కపెట్టినంత శ్రద్ధగా ప్రతి లేబర్ రూమ్‌లో రాత్రిపూట డ్యూటీలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి, ఆ లెక్కను ఆస్పత్రి పేరుతో సహా ఏటా ప్రజల ముందు పెట్టండి.