బాల్యపఠనము - రామన్ మహాశయుని మూడు గ్రంథములు

మొక్కై వంగనిది మానై వంగునా యని పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను మనవారు నడవడికను గూర్చియే తఱచుగా వాడుదురు గాని, చదువు విషయమున నది మఱింత నిజము. నలువదవయేట చదివిన గ్రంథము కొన్ని సంగతులను దెలిపి ఊరకుండును. చిన్ననాట మనసున నాటిన గ్రంథము చదివినవానికే తెలియకుండ వాని నడకను దిద్దుచుండును. ఇందులకు నిదర్శనముగా, ఆంధ్రదేశపు సముద్రతీరమున బాల్యము గడపిన యొక మహాశాస్త్రజ్ఞుని చరిత్రము మన గ్రంథాలయ పాఠకులు తెలిసికొనదగియున్నది. ఏలనన, తన్ను దీర్చిన గ్రంథము లేవియో ఆయనయే పెద్దవాడైన పిమ్మట పేర్లతో జెప్పియున్నాడు.

ఆయన సర్ చంద్రశేఖర వెంకటరామన్. 1888వ సంవత్సరము నవంబరు 7వ తేదీని తిరుచిరాపల్లిలో జన్మించెను. తండ్రి చంద్రశేఖర అయ్యరు గారు 1892లో విశాఖపట్టణమునందలి ఏ. వి. ఎన్. కళాశాలలో గణిత భౌతికశాస్త్రముల బోధకులుగా చేరిరి. బాలుడు విశాఖలోనే పెరిగి, పదునొకండవయేట మెట్రిక్యులేషన్ పరీక్షయందు కృతార్థుడై, 1903లో పైచదువునకు చెన్నపట్టణము ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లెను. పదునెనిమిదేండ్లు నిండునప్పటికే ఆయన వెలుగును గూర్చి వ్రాసిన వ్యాసము 1906లో ఇంగ్లండునందలి యొక శాస్త్రపత్రికలో నచ్చుపడెను.

ఈ లేతవయసున ఆయన మనసును పట్టిన గ్రంథములు మూడు.

మొదటిది ఎడ్విన్ ఆర్నాల్డు కవి 1879లో ప్రకటించిన 'ఆసియా జ్యోతి'. ఇది సిద్ధార్థుని చరిత్రమును దెలుపు ఆంగ్లకావ్యము. మన తిరుపతి వేంకటకవుల 'బుద్ధచరిత్రము' నకు మూలమైనది గూడ నిదియే. రాజ్యమును, భార్యను, పసిబిడ్డను విడిచి సత్యమునకై అర్ధరాత్రమున బయలుదేరిన రాజకుమారుని కథ ఆ బాలుని మనసును గట్టిగా తాకెను. ఉన్నతమైన పనికొఱకు సుఖమును వదలుకొన గలుగుటయే మనుష్యుని గొప్పతనమను భావము నాడే నాటుకొనెను.

రెండవది యవనదేశీయుడైన యూక్లిడు రచించిన క్షేత్రగణితము. క్రీస్తుకు పూర్వము 300 ప్రాంతమున పదుమూడు భాగములుగా వెలసిన యీ గ్రంథమును తరతరముల విద్యార్థులు గుండెలు బాదుకొనుచు వల్లెవేసిరి. రామన్ మాత్ర మందు అందమును గాంచెను. కొన్ని స్వయంసిద్ధములైన సూత్రములనుండి యొక్కొక్క మెట్టే యెక్కుచు, నిరూపింపనిదానిని స్వీకరింపక సాగిపోవు నా పద్ధతి ఆయన బుద్ధికి క్రమము నేర్పెను.

మూడవది జర్మను పండితుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన నాదశాస్త్రగ్రంథము. దాని యాంగ్లానువాదము రామన్ కళాశాల విద్యార్థిగా నున్నపుడే చేజిక్కెను. వీణతీగ యేల మధురముగా మ్రోగును, రెండు స్వరములు కలిసినపుడు చెవికేల ఇంపగును అను ప్రశ్నలను లెక్కలతోను ప్రయోగములతోను విచారించు గ్రంథమిది. మన చుట్టును నిత్యము వినబడు వస్తువును గూర్చియే గొప్ప పరిశోధన చేయవచ్చునని అది యాయనకు దెలిపెను.

బీజము పడుట యొక యెత్తు, అది ఫలించుట యొక యెత్తు. శాస్త్రమును నమ్ముకొని బ్రతుకుట కాకాలమున మార్గము లేకుండెను. రామన్ ఆర్థికశాఖ పరీక్షలో నెగ్గి, 1907లో కలకత్తాయందు అసిస్టెంటు అకౌంటెంటు జనరలుగా ప్రవేశించెను. పగలెల్ల ప్రభుత్వపు జమాఖర్చులు. ఉదయమును సాయంకాలమును 1876లో మహేంద్రలాల్ సర్కారు గారు స్థాపించిన విజ్ఞానసంఘమునందు పరిశోధనలు. పదియేండ్లు ఈ రీతిగా రెండు కాడులును మోసెను. కచ్చేరీ లెక్కలలో లోపము రానీయలేదు, ప్రయోగశాల దీపమును ఆఱనీయలేదు.

నాదశాస్త్రగ్రంథము నాటిన ప్రశ్న ఈ దినములలోనే చివురించెను. ఫిడేలు తీగలను, వీణను ఆయన పరీక్షించెను. సామాన్యముగా చర్మవాద్యములనుండి పుట్టు ఉపస్వరములు మూలస్వరముతో పొత్తు కుదురక కేవలము చప్పుడుగా నుండును. మన మృదంగము, తబలా మాత్రమేల శ్రుతి పలుకును? మూత నడుమ నంటించిన నల్లని ముద్ద చర్మమునకు బరువుగా నుండి, ఆ ఉపస్వరములను మూలస్వరముతో పొత్తుపఱచుచున్నదని 1920లో నిరూపించెను. ఎన్ని తరములక్రిందనో పేరులేని మన వాద్యకారులు చేతితో కనిపెట్టిన సత్యమునకు శాస్త్రలోకమున గౌరవము దక్కెను.

'ఆసియా జ్యోతి' నాటిన బీజమునకు పరీక్ష 1917లో వచ్చెను. కలకత్తా విశ్వవిద్యాలయమున పాలిత్ ఆచార్యపదవిని ఆశుతోష ముఖర్జీ గారు ఆయనకిచ్చిరి. ఆర్థికశాఖలో నుండిన పెద్ద జీతము, ముందునకు మఱింత పెద్ద అధికారము ఒకవైపు. చాల తక్కువ జీతముగల ఉపాధ్యాయవృత్తి మఱియొకవైపు. రామన్ రెండవదానినే కోరుకొనెను. సంసారియైనవానికి ఇట్టి త్యాగమెంత కష్టమో లెక్క వ్రాసి యిల్లు గడపుకొనువారందఱకు తెలియును.

యూక్లిడు నేర్పిన క్రమము 1921లో బయటపడెను. ఆయన ఇంగ్లండునుండి ఓడమీద తిరిగివచ్చుచు మధ్యధరాసముద్రపు నీలిమను జూచెను. అది ఆకాశపు ప్రతిబింబమేయని రేలీ ప్రభువువంటి మహాపండితుడు చెప్పియుండెను. పెద్దలు చెప్పిరని రామన్ ఊరకుండలేదు. చేతనున్న చిన్న పట్టకముతో నీటిపై ప్రతిఫలించు వెలుగును తొలగించి చూడగా, నీలిరంగు పోవుటకు మాఱుగా మఱింత చిక్కనయ్యెను. ఆ రంగు నీటిలోనిదేయని తేలెను. ఆ విచారణయే ఏడేండ్లు సాగి, కె. ఎస్. కృష్ణన్ గారి తోడ్పాటుతో 1928 ఫిబ్రవరి 28వ తేదీని 'రామన్ ఫలితము' గా పండెను. ద్రవములగుండ పోవు వెలుగులో అత్యల్పభాగము రంగు మాఱి వెలువడునని దాని సారము. 1930లో నోబెల్ బహుమానము లభించెను. విజ్ఞానశాస్త్రములందు ఆ బహుమానమందిన మొదటి ఆసియావాసి ఆయనయే.

రామన్ తండ్రి ఉపాధ్యాయుడు గనుక పుస్తకములు దొరకినవి, బీదవాని బిడ్డ కెక్కడివి అని యెవరైన నడుగవచ్చును. లండనునగర సమీపమున నొక కమ్మరి కుమారుడు, మైకేల్ ఫారడే, 1805లో పదునాలుగవయేట పుస్తకములకు అట్టలు కట్టువాని యొద్ద పనికి కుదిరెను. కుట్టుటకు వచ్చిన పుస్తకములనే రాత్రులందు చదివెను. విజ్ఞానసర్వస్వమునందలి విద్యుత్తు వ్యాసము, మార్సెట్ అను విదుషి రచించిన రసాయనశాస్త్ర సంభాషణలు ఆయన త్రోవను మార్చెను. 1831లో అయస్కాంతమునుండి విద్యుత్తును పుట్టించు మార్గమును కనిపెట్టిన దాతడే. నేడు మన పల్లెలలో బావిమోటారులు తిరుగుటకు మూలము ఆ అట్టలు కట్టు బాలుని చదువు. ఆతనికి బడిచదువు ఎక్కువగా లేకపోయెను గాని పుస్తకములున్న చోటు మాత్రము దొరకెను. అట్టి చోటు బీదబిడ్డల కందఱకు దొరకవలెననియే గ్రంథాలయములు పుట్టినవి.

చదివిన ప్రతిబాలుడును రామన్ కాడు, ఫారడే కాడు. విత్తిన ప్రతిగింజయు మొలవదని రైతు విత్తుట మానునా? బడిపుస్తకము విడిచి వేఱొక పుస్తకము పట్టినాడని పిల్లవానిని కోపించు తండ్రులు మన గ్రామములందు నేటికిని కలరు. రామన్ మూడు గ్రంథములలో యూక్లిడొక్కటే పాఠ్యగ్రంథము. తక్కిన రెండును పరీక్షలకు పనికివచ్చినవి కావు. అయినను ఆయన బ్రతుకునకు పనికివచ్చినవి. త్యాగమును నేర్పు కావ్యమొకటి, తర్కమును నేర్పు శాస్త్రమొకటి, ప్రశ్నను నేర్పు గ్రంథమొకటి, ఈ మూడువిధములును పిల్లల చేతి కందునంత యెత్తులో నుంచుట పెద్దల విధి. ఏ పుస్తకము ఏ బిడ్డకై వేచియున్నదో ఎవరికిని తెలియదు. కావున బీరువా తలుపులు తెఱచియుండవలెను.

ఇరువదియైదేండ్లు నిండిన యీ గ్రంథాలయము బాలుర రాకపోకలతో నిత్యకల్యాణము పచ్చతోరణముగా వర్ధిల్లుగాక!