పాత పిస్తోలు విలువ

మన సంఘీయుల గృహములలో కొన్నిట తాతలనాటి పిస్తోళ్లు నేఁటికిని గలవు. వానిని నిలుపుకొనుటయా, విక్రయించి క్రొత్తవి కొనుటయా యని మమ్మడుగువారు గలరు. చరిత్రమే యిందుకు బదులు చెప్పఁగలదు.

1878 నాటి ఆయుధచట్టము భారతీయులకు లైసెన్సు విధించి, తొలుత యూరోపియనులను మినహాయించెను. కావున పిస్తోలు గలిగియుండుట గౌరవచిహ్నమయ్యెను. 1897లో బర్మింగ్‌హామున నేర్పడిన వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీవారి .32 పిస్తోలును 1911లో లండను పోలీసువారు స్వీకరించిరి. దాని పేరు మన దేశమునను వ్యాపించెను. 1980ల దశకమున సామాన్యులకు విదేశీయాయుధముల దిగుమతి నిలిచిపోఁగా, పాతవాని వెల మిక్కిలి పెరిగెను. ఆ వెల కొఱతవలనఁ బుట్టినదేగాని గుణమువలనఁ గాదు.

కావున పేరుఁ జూచి మోసపోరాదు. గొట్టములోని చాళ్లరిగెనా, స్ప్రింగులు సడలెనా, భాగములపై నంకెలు సరిపోవునా, పరీక్షాముద్ర గలదా యని నిపుణునిచే చూపింపవలెను. విడిభాగములు దొరకని పాతదానికంటె, కాన్పూరు ప్రభుత్వ కర్మాగారమున తయారగు క్రొత్త రివాల్వరు రక్షణకు మేలు. పాతది వంశస్మృతి, దాని విలువ వేఱు. ఐనను 1959 నాటి చట్టము ననుసరించి, లైసెన్సు లేనిదే వారసుఁడును దాని నుంచుకొనరాదని మా మనవి.