కృష్ణా డెల్టా తీరంలో పర్యటన కాలం

ఆంధ్ర ప్రదేశ్‌లోని కృష్ణా జిల్లాలో మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలు కృష్ణా డెల్టా దిగువ భాగంలో ఉన్నవి. ఎత్తైన కొండ ప్రాంతాలకు ఏ నెలలో వెళ్ళాలన్నది మంచు, చలి నిర్ణయిస్తాయి. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు మాత్రమే గల ఈ ప్రాంతంలో సముద్రం, నది ఆ పని చేస్తాయి. డిసెంబరు చివరి వారం నుండి ఫిబ్రవరి వరకు గల కాలం పర్యటనకు అన్ని విధాలా అనువైనది.

భౌగోళిక స్వరూపం

కృష్ణా నది పులిగడ్డ వద్ద చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది. నదీ పాయలకు, సముద్రానికి మధ్య గల భూభాగమే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఇక్కడి ముఖ్య కేంద్రాలు. మచిలీపట్నానికి గుడివాడ మీదుగా రైలు మార్గం కలదు. దివిసీమకు రైలు మార్గం లేదు, రోడ్డు మార్గమే ఆధారం.

నెలల వారీగా పరిస్థితులు

డిసెంబరు చివర - ఫిబ్రవరి: పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 30 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. వర్షాలు అరుదు. వరి కోతల తరువాత పొలాలలో మినుము పైరు కనిపిస్తుంది. గుడివాడకు ఈశాన్యంగా ఉన్న కొల్లేరు సరస్సులో వలస పక్షులను చూడవచ్చును. మాఘ పౌర్ణమి నాడు కోడూరు మండలంలోని హంసలదీవి సాగర సంగమం వద్ద వేలాది భక్తులు పుణ్యస్నానాలు చేస్తారు.

మార్చి - మే: ఎండలు క్రమంగా ముదురుతాయి. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గాలిలో తేమ వలన ఉక్కపోత అధికం. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యాంత్రిక పడవలపై సముద్రంలో చేపల వేట నిషేధం కనుక రేవులలో సందడి తగ్గుతుంది.

జూన్ - సెప్టెంబరు: నైరుతి ఋతుపవనాల కాలం. స్థానికంగా వాన లేకున్నను ఎగువ రాష్ట్రాలలో కురిసిన వానలకు కృష్ణకు వరద రావచ్చును. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదై, దిగువన లంక గ్రామాలు నీట మునిగినవి.

అక్టోబరు - డిసెంబరు మధ్య: ఈశాన్య ఋతుపవనాలు, తుఫానుల కాలం.

కార్తీక మాసం - తుఫానులు

వాతావరణం చల్లబడి, పండుగలు మొదలయ్యే కాలమే ఇక్కడ అత్యంత ప్రమాదకరమైనది కూడా. కార్తీక పౌర్ణమికి మంగినపూడి బీచ్‌లో సముద్ర స్నానాలు, చిలకలపూడి పాండురంగస్వామి ఆలయంలో ఉత్సవాలు జరుగుతాయి. ఇవి సాధారణంగా నవంబరులో వస్తాయి.

1864 నవంబరు 1న వచ్చిన తుఫాను, ఉప్పెనలకు మచిలీపట్నం పరిసరాలలో సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న, కార్తీక మాసంలోనే, సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన దివిసీమ గ్రామాలను ముంచివేసింది. ఆ తుఫాను మృతుల సంఖ్య అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000. ఈ తీరంలో సముద్రం లోతు తక్కువగా ఉండుట, నేల పల్లంగా ఉండుట వలన ఉప్పెన నీరు చాలా దూరం లోపలికి చొచ్చుకు వస్తుంది.

తుఫానులు నవంబరుకే పరిమితం కావు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం సమీపంలో తీవ్ర తుఫాను తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అయితే జనవరి, ఫిబ్రవరి నెలలలో ఈ తీరానికి తుఫాను రావడం బహు అరుదు.

పర్యాటకులకు సూచనలు

కార్తీక స్నానాలకు వెళ్ళేవారు ముందుగా భారత వాతావరణ శాఖ ప్రకటనలను గమనించాలి. అల్పపీడనం వాయుగుండంగా మారినదని తెలిసినపుడు ప్రయాణం వాయిదా వేసుకొనుట మంచిది. మచిలీపట్నం ఓడరేవులో ఎగురవేసే ప్రమాద సూచికలు 1 నుండి 11 వరకు ఉంటాయి. పెద్ద సంఖ్యలు సాధారణంగా హెచ్చు ప్రమాదాన్ని సూచిస్తాయి. ఆకాశం నిర్మలంగా కనిపించినా, హెచ్చరిక అమలులో ఉన్నంత వరకు సముద్రంలో దిగరాదు. పండుగ కొరకు గాక కేవలం చూచుటకు వచ్చేవారు జనవరి, ఫిబ్రవరి నెలలనే ఎంచుకొనుట మేలు.